నూకాలమ్మ వేలు పెట్టిన గొంతులు

2022 వానాకాలం. విశాఖలో ఒక ఆసుపత్రి పిల్లల విభాగంలో పనిచేస్తూ, పిల్లల అంటువ్యాధుల మీద పరిశోధన చేస్తున్నాను. ఎంబీబీఎస్‌లో మాకు నేర్పిన గణాంకాలు తక్కువే. పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. తోటివాళ్లు ‘లెక్కల డాక్టరు’ అని ఏడిపించేవారు. అప్పట్లో నా పని డిఫ్తీరియా, అంటే కంఠసర్పి మీద. జబ్బు పడకుండానే ఆ క్రిమిని గొంతులో మోసే పిల్లల్ని క్యారియర్లు అంటాం. వాళ్లు ఎందరుంటారన్నదే నా ప్రశ్న.

ఒక మధ్యాహ్నం ఓపీ ముగిసే వేళకు, తీరంలోని ఒక జాలరి పేట నుంచి నూకాలమ్మ అనే పెద్దావిడ ఆరేళ్ల మనవరాలు దుర్గను ఎత్తుకొచ్చింది. వెనకే కోడలు రాజేశ్వరి. పాప మెడ రెండు పక్కలా ఉబ్బిపోయింది. ఊపిరి తీస్తుంటే గురక వినిపిస్తోంది.

“పొలస సేప ముల్లు ఇరుక్కుపోనాదమ్మా,” అంది నూకాలమ్మ. “అన్నం ముద్ద మింగించినాను, దిగనేదు. ఏలెట్టి లాగినాను, రానేదు. రగతం వచ్చిందంతే.”

లైటు వేసి చూశాను. అక్కడ ముల్లు లేదు. టాన్సిల్స్ మీద బూడిదరంగు పొర ఉంది. దాన్ని మెంబ్రేన్ అంటాం. కండకు అతుక్కుని ఉంటుంది, లాగితే నెత్తురొస్తుంది. ఊడి శ్వాసకు అడ్డం పడితే ప్రాణమే పోవచ్చు.

“నాను సెప్పనేదా అత్తా? ఆస్పత్రికెళదామంటే, నా ఏలుండగా డాక్టరెందుకే అన్నావు,” అంది రాజేశ్వరి.

“నోర్ముయ్యే. పేటలో ఎవల పిల్లకి ముల్లిరుక్కున్నా నా కాడికే వత్తారు. ఒక్కలైనా మాటన్నారా?”

అదే వేలు ఈ మధ్య ఇంకెన్ని గొంతుల్లోకి వెళ్లిందో అనుకున్నాను.

దుర్గను విడి గదిలోకి మార్చాం. గొంతులోంచి స్వాబ్, అంటే దూదిపుల్లతో నమూనా, తీసి కల్చర్‌కు పంపాం. ల్యాబ్‌లో క్రిమి పెరిగి ఫలితం వచ్చేదాకా ఆగితే పాప దక్కదు. ముందు పడుతుందో లేదో చూసుకుని యాంటీటాక్సిన్ ఎక్కించాం. అది రక్తంలో తిరిగే విషాన్ని విరుస్తుంది. గుండెకు అప్పటికే పట్టిన విషాన్ని మాత్రం ఏమీ చేయలేదు. టీకా సంగతి అడిగితే, “కరోనా టయింలో ఆ సూది ఏయించనేదమ్మా,” అంటూ రాజేశ్వరి ఏడ్చింది.

బయటికొచ్చి నూకాలమ్మను అడిగాను: “ఈ మధ్య ఇంకెవరి గొంతులో వేలు పెట్టారు?”

“ఎవలికీ నేదు.”

“ఇందాక మీరే అన్నారు కదా?”

“నాననేదు. ఆల పిల్లలకేటైనా అయితే పేటలో నన్ను బతకనిత్తారా?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంతమందో తెలియని లెక్కను ఏ సూత్రమూ తేల్చదు. ఆ సమయానికి ఏ ఇంట్లోనో ఒక పిల్లాడు గొంతు నొప్పంటుంటే అన్నం ముద్ద మింగిస్తూ ఉంటారు. పేట పేరు తెలుసు. కానీ అన్ని ఇళ్లూ తిరిగి ఆ పిల్లాణ్ని వెతికేలోపు పొర కమ్మేస్తుంది.

నేను అడిగిన తీరు పోలీసులు అడిగినట్టుందని అప్పుడు అనిపించింది. నర్సును పిలిచి, నూకాలమ్మ ఎదుటే కూర్చుని నోరు తెరిచాను. నర్సు నా గొంతులోంచి స్వాబ్ తీసింది.

“నీకెందుకమ్మా?” అంది నూకాలమ్మ.

“నేనూ పాప నోటి దగ్గర ముఖం పెట్టి చూశాను. నాకూ అంటి ఉండొచ్చు.”

“అయితే నీకూ బయ్యమేనా?”

“భయమేనమ్మా. మీకంటే ఎక్కువ. ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి.”

ఆమె కొంగు తీసి, తానూ నోరు తెరిచింది. స్వాబ్ అయ్యాక చెప్పడం మొదలుపెట్టింది. పిల్లల్ని చేపల్ని బట్టి గుర్తుపెట్టుకుంది. “కవళ్ల ముల్లు, ఎంకట్రావు కూతురిది. అది నిజింగా ముల్లే, తీసినాను. తలుపులమ్మ కొడుక్కి పొలస. ఆడికి ఏదీ దొరకనేదు.”

ఏదీ దొరకలేదన్న పిల్లాడి ఇంటికి ముందు వెళ్లాం. గుమ్మంలోంచే నూకాలమ్మ కేకేసింది: “ఒలే తలుపులూ, బుడ్డోడేడి? ఆడి నోరు తెరవమను. మా దుర్గకి గొంతు జబ్బు, నా ఏలికీ అంటుకుని ఉంటాది. తిడితే తరవాత తిట్టు.”

తలుపులమ్మ తిట్టనే తిట్టింది. తిడుతూనే కొడుకును వెలుతురులోకి లాక్కొచ్చింది. కుడి టాన్సిల్ మీద బియ్యపుగింజంత పొర. వాడు తన కాళ్ల మీద నడిచే ఆసుపత్రికి వచ్చాడు. వెంకట్రావు కూతురి గొంతు శుభ్రంగా ఉంది. నూకాలమ్మ ఇంటితో పాటు ఆ రెండిళ్ల వాళ్లకూ, మాకూ ముందు జాగ్రత్త మందులు మొదలుపెట్టాం.

పిల్లాడు త్వరగానే కోలుకున్నాడు. దుర్గకు రెండో వారంలో గుండె లయ తప్పింది. విషం గుండె కండరానికి పట్టడాన్ని మయోకార్డైటిస్ అంటాం. మానిటర్ మీద గీత ఒక దెబ్బ మింగినప్పుడల్లా నూకాలమ్మ నా ముఖం చూసేది. చెప్పడానికి నా దగ్గర అంకె లేదు. సగం మంది, పావు మంది దక్కరన్న లెక్కలు ఒక్క పాప విషయంలో ఎందుకూ కొరగావు. చివరికి లయ నిలకడైంది. పాప ఇంటికెళ్లింది.

ఆ పిల్లాడికి జబ్బు వేలి వల్లే అంటిందని నేను ఇప్పటికీ రాయను. ఒకే వీధిలో ఆడుకునే పిల్లలకు దగ్గు చాలు. కాని ఆమె నోరు విప్పకపోతే ఆ బియ్యపుగింజ మాకు దొరికేది కాదు. అంటువ్యాధి వెనక వెళ్లేవాళ్లు ఎదుటివాళ్ల భయాన్ని అడిగేముందు తమ భయం చెప్పాలని అప్పుడే నేర్చుకున్నాను.

పిల్లలు ఇప్పటికీ నూకాలమ్మ దగ్గరికే వస్తారు. ఇప్పుడు వేలు పెట్టదు. ఫోను లైటు వేసి చూసి, తెల్లగా ఏదైనా కనిపిస్తే నాకు ఫోన్ చేస్తుంది. చాలాసార్లు దుర్గ మార్కులు చెప్పడానికి చేస్తుంది. ఆమె పేరు తెరమీద వెలిగి, “ఏటి సేత్తన్నావమ్మా” అంటూ నవ్వు వినపడేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉంటాను.