టీ కబురుకైనా తాళమే

మా రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గారికి ఒకటే పిచ్చి. తాళం వేయకుండా మెయిల్ పంపరు. ఆయన పంపింది సంకేతపదం కొడితేగాని తెరుచుకోదు. అందుకే అందరం ఆయన్ని తాళాల బాబాయ్ అనేవాళ్లం.

నేను కౌంటర్లో టైపిస్టుని. ఓ రోజు ఆయన నుంచి 'అర్జెంటు' అని మెయిల్ వచ్చింది. పని వదిలేసి, ఇరవై అక్షరాల సంకేతపదం మూడుసార్లు తప్పు కొట్టి, నాలుగోసారికి తెరిచాను. "అమ్మాయ్, టీ చల్లారిపోతోంది" అని ఉంది. ఆయన కూర్చునేది నా వెనక కుర్చీలోనే!

"నోటితో చెప్పొచ్చుగా బాబాయ్?"

"ష్! ఆ ప్రింటర్ వాలకం నాకు నచ్చట్లేదు."

ప్రింటర్నే కాదు, చెత్తబుట్టని, కిటికీలు తుడిచే మనిషిని, చివరికి లిఫ్టులో అద్దాన్ని కూడా ఆయన నమ్మరు.

ఆయన్ని మా ఓనరు డాక్టరుగారు నమ్మడం మానేశారు. వీధి చివర కొత్త ల్యాబ్ వెలిసింది. మా దగ్గరికి రావలసినవాళ్లు అటు పోతున్నారు. ఓ ఉదయం డాక్టరుగారు అందరి ముందూ ఆయన్ని నిలేశారు.

"మన గుట్టు ఎవరికి చేరవేస్తున్నారు? మీరు పంపిన మెయిళ్లన్నీ తెరవండి. లేదంటే రేపట్నుంచి రావద్దు."

బాబాయ్ చెమటలు తుడుచుకుంటూ ఒక్కొక్కటే తెరిచారు. "ఫ్యాను కిర్రుమంటోంది." "నా పెన్ను ఎవరు తీశారు?" "పెన్ను దొరికింది. నా చెవి మీదే ఉంది." మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం. ఒకదాని దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"ఇది తెరవను."

"ఏం?"

"ఇందులో ఉన్న సంగతి నాది కాదు."

"దొరికిపోయారు!"

"సరే, రేపట్నుంచి రాను" అని బాబాయ్ సంచి అందుకున్నారు.

"అది నా రిపోర్టండీ!" అని అరిచాను. నెల్లాళ్ల దగ్గు, క్షయేమోనని భయం. ఎవరికీ చెప్పకుండా పరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదని తేలింది. ఆ సంగతి మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు.

డాక్టరుగారు తెల్లబోయారు. "మరి ఫ్యానుకెందుకయ్యా తాళం?"

"జబ్బు కబురుకొక్కదానికే వేస్తే, తాళం చూడగానే ఫలానావాళ్లకి జబ్బని తెలిసిపోదుటండీ? అందుకే అన్నిటికీ వేస్తా."

డాక్టరుగారు లోపలికి వెళ్లిపోయారు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక డాక్టరుగారు అటూ ఇటూ చూసి, కౌంటర్ కింద క్యారేజీ వెతుక్కుంటున్న నన్ను గమనించక, బాబాయ్ బల్ల మీదికి వంగారు.

"నేనూ ఓ పరీక్ష చేయించుకుందామనుకుంటున్నా. మా ఆవిడకి తెలిస్తే కంగారుపడుతుంది. ఆ రిపోర్టు కూడా కాస్త..."

బాబాయ్ పక్కన కుర్చీ జరిపి అన్నారు:

"ముందు తలుపేసి రండి."