నూట డెబ్బై ఆరు పోగులు, ఒక దగ్గుమందు సీసా

యుద్ధం నడుస్తున్న రోజులు. మాఘ బహుళ తదియ, మంగళవారం, నాకు బడి సెలవు. పగలు పదకొండు గంటలకు గద్వాలలోని మా ఇంట్లో ఒక ఘోరం జరిగింది. మనిషి చావలేదు, గోడ కూలలేదు. నూట డెబ్బై ఆరు పట్టు పోగులకు ఒక్కసారిగా మతి తప్పింది. తప్పించింది నేనే. అప్పటికి నాకు పదమూడేళ్ల నాలుగు నెలలు. తెలివి వయసు మీరు చివర్లో లెక్క కట్టుకోండి.

మాది మగ్గం ఇల్లు. నాయిన నూలు చీరకు పట్టు అంచు వేసి నేసేవాడు. అంచుకు రెండు వందల నలభై పోగులు. పాతవి అయిపోతే, వాటి కొసలకు కొత్త పోగుల కొసలను బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి అతకాలి. అది మా అవ్వ పని. ఒక్కొక్క పోగే ఏరి ఆమె చేతికివ్వడం నా పని. ఆ చీర వనపర్తిలో పెళ్లికి వెళ్లాలి. బుధవారం పొద్దుటికల్లా మగ్గం ఆడాలి. నా బడికి నాయిన పెట్టిన షరతు ఒక్కటే: "సదువుకో, వద్దన. గని నీతోని పని చెడ్డ దినమే బడి బంద్." పరీక్షకు ఇంకా నలభై ఒక్క రోజులున్నాయి.

ఆ ఎండు గాలికి పట్టు పోగులు తోడికోడళ్లలా ఒకదానికొకటి ఎడంగా జరిగేవి. అవ్వ పక్కనే తడిబట్ట వేలాడదీసి, నేల మీద నీళ్లు చల్లేది. నేనేమో నాలుగు రోజుల ముందే బడిలో పంతులమ్మ చెప్పిన పాఠం విని వచ్చాను.

"అవ్వా, గవి ఎందుకు ఎగురుతున్నయో నాకు తెల్సు."

"ఎండకు ఎగురుతున్నయి. దాంట్ల తెల్సుడేంది?"

"ఎండకు గాదు. అన్నిట్ల అణువులుంటయి. రాసుకుంటె ఒకదాని మీదికెల్లి ఇంకోదాని మీదికి విద్యుత్ ఆవేశం దుంకుతది. అన్నిటికి ఒక్కతీరు ఆవేశముంటె దూరం దూరం పోతయి."

"దుంకనీ. నువ్వు దుంకకు. పోగియ్యి."

అరవై నాలుగు అతికి, నూట డెబ్బై ఆరు మిగిలాక అవ్వ లేచింది. "నీళ్లు తెస్త. ఏం ముట్టకు."

ముట్టకుండా ఉంటే ఈ కథ లేదు.

పట్టుగుడ్డతో రాస్తే గాజుకు ధనావేశం వస్తుంది. మా పోగులది ఋణావేశం. రెండూ కలిస్తే సున్నా. పోగులు బుద్ధిగా పడుకుంటాయి. ఈ లెక్కలో ఇప్పటికీ తప్పు పట్టలేరు. అవ్వ దగ్గుమందు ఖాళీ సీసా తెచ్చాను. తడి ఉంటే ఆవేశం నిలవదని పంతులమ్మ చెప్పింది కనుక తడిబట్ట తీసి ఎండలో ఆరేశాను. సీసాను పట్టుగుడ్డతో యాభైసార్లు రుద్దాను.

రెండు జానల దూరంలో పోగులు వణికాయి. జానెడు దూరంలో, పంక్తిలోకి లడ్డూల గంప వచ్చినట్టు అన్నీ ఇటు వంగాయి. దూరం సగమైతే బలం నాలుగింతలు, పావైతే పదహారింతలు. అర జానెడుకు తెచ్చాను. లెక్క సరిపోయింది. ఆ పదహారింతల బలంతో పోగులు ఎటు వస్తాయన్నది మాత్రం లెక్క కట్టలేదు.

సీసా మీదికే వచ్చాయి. గాజు తనది విడవదు, పట్టు తనది విడవదు, రెండూ ఒకదాన్నొకటి విడవవు. గుంజితే చేతికి చుట్టుకున్నాయి, విదిలిస్తే జడకు అంటుకున్నాయి.

అవ్వ కడవ దించింది. "ఏందే పోరీ గిది! సీసకు గడ్డమొచ్చింది!"

"జర ఆగవ్వా, సున్నా అయితది."

"అయింది గద, నీ బడి సున్న! తడిబట్టేది?"

"ఎండల ఏసిన. తడి ఉంటె ఆవేశం నిలువదు."

"నిలువొద్దనే గదనే కట్టింది!"

రోగానికి పడుతున్న మందు తీసేసి వైద్యం మొదలుపెట్టింది లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అవ్వ నీళ్లు పుక్కిట పట్టి ఉఫ్‌మని చల్లింది. గడ్డం వాలిపోయింది. చిక్కులు మాత్రం వాలలేదు. అంతలో నాయిన వచ్చాడు.

"ఎవలు?"

"నేనే, నాయినా." నలభై ఒక్క రోజులూ కళ్ల ముందు తిరిగాయి.

నాయిన సీసా చూశాడు, పోగుల ఉండ చూశాడు, నా జడ చూశాడు. అవ్వే అడిగింది: "ఏం జేస్తవురా? బడి బంద్ జేస్తవా?"

"బంద్ జేస్తె ఇది పొద్దంత ఇంట్లనే ఉంటది గదనే అమ్మా! బడికే తోలు. సెలవు దినం గూడ తోలు."

ముప్పై ఒక్క పోగులు తెగాయి. మగ్గం పొద్దున ఆడాల్సింది మధ్యాహ్నం ఆడింది. చీర పెళ్లికి అందింది, నేను పరీక్షకు అందాను.

అందుకే ఆ తడిబట్ట మీద ఒట్టు వేసి చెబుతున్నాను: ఈ జన్మలో గాజు సీసాతో పట్టుకు మూడు బారల కన్నా దగ్గరికి వెళ్లను. బారకు ఎనిమిది జానలు. ఆనాటి దూరానికి నలభై ఎనిమిది రెట్లు. బలం రెండు వేల మూడు వందల నాలుగో వంతు. ఈసారి పోగులు ఎటు వస్తాయో కూడా చూసుకున్నాను: ఎటూ రావు.