బాలింత గది తలుపు

ఈ మధ్యాహ్నం మా ఊరి ఆశా వర్కరమ్మాయి మా ఇంటికొచ్చి, వారం క్రితం కాన్పయిన నా మనవరాలి చేతిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టి, "మామ్మా, వడగాలి చానా గట్టిగుంది, ఈమెకి అడక్కముందే నీళ్లిస్తా ఉండు" అని నాకు చెప్పి పోయింది. ఆ పిల్ల మామూలుగానే అంది గానీ నాకు మాత్రం పాత గది ఒకటి కళ్లముందుకొచ్చింది.

నా తొలి కాన్పు మాచవరం దగ్గర మా పుట్టింట్లో, సరిగ్గా రోహిణి కార్తెలో జరిగింది. నా ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో బాలింతకు గాలి తగలకూడదు, నీళ్లెక్కువ తాగితే సంధి కమ్మి పలవరిస్తూ పోతుందని భయం. అందుకని మా అమ్మ కిటికీకి గోనెపట్టా కట్టి, నా చెవుల్లో దూది పెట్టి, తలుపుకు బయట గడియ వేసేసింది. పైన నాపరాళ్ల కప్పు, అది చాలదన్నట్టు మంచం కింద కుంపటి, పూటకు అరగ్లాసు కాచిన నీళ్లు. పత్యం విషయంలో అమ్మతో వాదించి నెగ్గినవాళ్లు మా వంశంలోనే లేరు.

మూడోనాటికి నాకు చెమట పట్టడం కూడా ఆగిపోయింది. తలుపు బాదుదామంటే చెయ్యి లేవలేదు, పక్కన పసిబిడ్డ ఏడుస్తున్నా అటు తిరగలేకపోయాను, ఇక ఈ గదిలోనే పోతానని మాత్రం తెలుస్తోంది. నేనేదో గొణిగానట, అది విని అమ్మ సంధి వచ్చేసిందని హడలిపోయి ఆ అరగ్లాసు కూడా మాన్పించింది. దాహంతో పలవరించేదానికి నీళ్లు మాన్పించడమా! తలచుకుంటే అమ్మ మీద ఇప్పటికీ కోపం వస్తుంది, ఆ వెంటనే ఏడుపూ వస్తుంది.

ఎవరి జోలికీ పోని మా నాయనమ్మ ఆ మధ్యాహ్నం వసారాలోంచి లేచి వచ్చి గడియ తీసింది.

"ఏందే నువ్వు చేసేది? అది సంధి కాదు, దప్పిక. నా కూతురూ బాలింతగా ఇట్టాగే నీళ్లు నీళ్లంటా పోయింది. నేనే ఇయ్యలా."

కుంపటి బయట పెట్టించి, గోనెపట్టా పీకేసి, నా ఒంటిమీద తడిగుడ్డ పరిచి, చెంచాతో మజ్జిగతేట పోస్తూ పొద్దుగూకేదాకా కూర్చుంది. అమ్మ విసనకర్ర అందుకుంది.

ఇప్పుడా పత్యాలు లేవు, ఆ గడియలూ లేవు, పోయినందుకు నాకేం బెంగ లేదు. నా మనవరాలు ఫ్యాను కింద పడుకుని, దాహమేస్తే సీసా ఎత్తి తాగుతోంది. నాకున్న బాధల్లా ఒక్కటే. నాయనమ్మ చెప్పిన ఆ కూతురి, అంటే మా మేనత్త ఊసు మా ఇంట్లో అంతకుముందు ఎవరూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు, బతికి బయటపడిన సంబరంలో నేనూ అడగలేదు. ఆమె అలా పోబట్టే నాకు తలుపు తెరుచుకుంది. ఆమె పేరేమిటో చెప్పేవాళ్లు ఇప్పుడు మాలో ఒక్కరూ మిగల్లేదు.