ఫస్ట్ షోలో లేని రీలు

ఆ సినిమాలో కిరాయి హంతకుడు ఆరు దేశాలు తిరుగుతాడు. ఎక్కడా అన్నం తినడు, ఎవర్నీ దారి అడగడు, వాడి చొక్కా నలగదు. ఎవర్ని ఎందుకు చంపుతున్నాడో వాడికీ తెలియదు, మనకీ తెలియదు. అమలాపురంలో వచ్చే ఒక చిన్న వారపత్రికకు అప్పట్లో నేను సినిమా సమీక్షలు రాసేవాణ్ణి. చివర్లో బలాలు ఇవీ, బలహీనతలు ఇవీ అని రెండు పెట్టెలు కట్టి ఇవ్వాలని సంపాదకుడి హుకుం. బలాల పెట్టెలోకి కార్ల ఛేజింగులు, కెమెరా, చెవులు చిల్లులు పడే సౌండు వచ్చాయి. రెండో పెట్టె చాలదని మొదటి అరగంటలోనే తేలిపోయింది. ఆ డబ్బింగు తెలుగు ఒక్కటే ఒక పేజీ తింటుంది. తెల్లదొర "నీ అంతు చూస్తానురా" అని అరుస్తుంటాడు, పెదాలు చూస్తే అప్పటికే మూసుకుని కాఫీ తాగుతుంటాడు. కోట్లు పోసి తీసినవాళ్ళు కాస్త కథ కూడా కొనుక్కోవచ్చు కదా అని ఒళ్ళు మండిపోయింది.

నా చిరాకులో సగమే సినిమాది. మిగతా సగం నా పక్క సీట్లో కూర్చుని ఉంది. ఆవిడ మా పిన్ని, అమ్మకి చెల్లెలు.

పిన్నిది మురమళ్ళ. బాబాయి గల్ఫ్‌లో మేడలు కట్టే కంపెనీలో పనిచేసేవారు. వెళ్ళి నాలుగేళ్ళయింది. పిన్ని వాళ్ళింట్లో ఫోన్ లేదు. అందుకని అక్కడ సెలవైన శుక్రవారం నాడు ఆయన మా ఇంటికి ఫోన్ చేసేవారు, పిన్ని బస్సెక్కి వచ్చి ఆ ఫోన్ పక్కనే కూర్చునేది. ఆ సినిమా షూటింగ్ కొంత ఆయన ఉండే ఊళ్ళో జరిగిందట. జనం కావాలని ఆయన కంపెనీ కూలీలందర్నీ తీసుకెళ్ళి నిలబెట్టారట. "నీలం బట్టలేసుకుని పళ్ళబండి పక్కనుంటాను, చూడు" అని ఫోన్లో చెప్పారు. సినిమా మా ఊరొచ్చిందని తెలిసి పిన్ని ఈసారి గురువారమే దిగింది. ఆయన పంపే ఫొటోలన్నీ కుర్చీలో కూర్చుని తీయించుకున్నవే. మనిషి మెదులుతుంటే చూడాలని ఆవిడ కోరిక.

ఫస్ట్ షోకి తీసుకెళ్ళాను. తెర మీద పదిమంది కనపడితే చాలు, "ఇదేనేంట్రా?" అని మోచేత్తో పొడిచేది.

"పిన్నీ, అది రష్యా. మంచు పడుతోంది కదా!"

"మరి నీలం బట్టలేసుకున్నారు కదరా అక్కడా?"

వెనక వరసవాళ్ళు నవ్వారు. నేను సీట్లో కిందికి జారాను. ఎలాగో సినిమా అయిపోయింది, గల్ఫ్ రానేలేదు. హంతకుడు ఒక దేశంలో విమానం ఎక్కాడు, మరుక్షణం తలకి కట్టుతో ఇంకో దేశంలో ఉన్నాడు. ఆ కట్టు ఎందుకో చెప్పకపోవడం దర్శకుడి తెలివితక్కువతనమని తీర్మానించుకున్నాను. లైట్లు వేశాక కూడా పిన్ని లేవలేదు.

"మీ బాబాయిగారు నాతో అబద్ధం చెప్పేరంటావా?"

ఆ మొహం చూడలేక నేరుగా ఆపరేటర్ గదికి వెళ్ళి గల్ఫ్ సీను ఏమైందని అడిగాను. ఆయన తాపీగా చెప్పాడు.

"ఆయ్, అది నాలుగో రీలండీ. ఫస్ట్ షోకి వెయ్యమండి. పెద్ద సినిమా కదండీ, మొత్తం వేస్తే పల్లెటూళ్ళ వాళ్ళకి ఆఖరి బస్సు తప్పిపోద్దండి."

"అయితే ఆ రీలే తీసెయ్యాలా?"

"తెలుగు సినిమా అయితే పాట తీసేస్తామండి. దీంట్లో పాటల్లేవు కదండీ. ఆ రీల్లో హీరో మేడ మీదుంటాడండి, కింద జనం పరిగెత్తడమేనండి. కథకేం అడ్డు రాదండి."

దర్శకుణ్ణి రెండు గంటలు ఊరికే తిట్టుకున్నానని అప్పుడు తెలిసింది. పోనీ ఈయన్ని తిడదామంటే అన్ని అండీలు పెట్టి మాట్లాడేవాణ్ణి తిట్టడానికి నోరు రాదు. సంగతి చెబితే ఆయనే నొచ్చుకున్నాడు.

"అయ్యయ్యో, ముందే చెబితే వేసేవాణ్ణి కదండీ! రేపు మ్యాట్నీకి తీసుకురండి అమ్మగార్ని. మ్యాట్నీకి బస్సుల గొడవ లేదండి, పూర్తిగా వేస్తాం."

ఆ చెత్తనే మర్నాడు మళ్ళీ చూశాను, తల బాదుకుంటూ. ఎట్టకేలకు నాలుగో రీలు వచ్చింది. ఎండలో ఒక పెద్ద కూడలి, బళ్ళు, నీలం బట్టల్లో వందమంది దాకా జనం. మేడ మీంచి హంతకుడు కాల్చాడు. జనం చెల్లాచెదురయ్యారు. పళ్ళబండి పక్కనుంచి ఒకాయన నాలుగడుగులు పరిగెత్తి దభీమని పడ్డాడు, మిగతావాళ్ళు ఆయన్ని దాటుకుంటూ పోయారు. ఈ సినిమా మొత్తానికి సహజంగా పడినవాడు వీడొక్కడేనని అనుకున్నాను. బలాల పెట్టెలో రాయాలని కూడా అనుకున్నాను.

పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "మీ బాబాయిరా."

"చూశావుగా, ఇంక స్థిమితపడు."

"పడ్డాక లేచేరో లేదో చూపించలేదేంట్రా?"

"సినిమా పిన్నీ! అందరూ లేచి భోంచేసి ఉంటారు" అని విసుక్కున్నాను.

ఆవిడ ఇంటర్వెల్లో పద పోదామంది. ఇంటికొచ్చి ఫోన్ పక్కన కూర్చుంది, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సాయంత్రం ఫోన్ మోగింది. బాబాయి గొంతు ఇవతల నిలబడ్డ నాక్కూడా వినపడేంత హుషారుగా ఉంది. కనపడ్డానా అని అడుగుతున్నారు.

"కనపడ్డారు. ఆ కుడికాలు ఈడ్చడం ఎప్పట్నుంచండీ?"

 ఆయన ఏదో సర్దిచెప్పబోయారు. సినిమా కోసం అలా పరిగెత్తమన్నారని కాబోలు.

"సినిమాలో ఏం నటించలేదు మీరు. బాగానే ఉన్నానని ఫోన్లో నటించేరు" అంది పిన్ని. తర్వాత చాలాసేపు వింది. నిచ్చెన మీంచి పడి ఏడాది దాటిందట. ఇక్కడ భయపడతారని చెప్పలేదట. ఆ పరుగు నేను రెండు కళ్ళూ పెట్టుకుని చూశాను. నాకు కనపడింది ఒక మంచి షాట్. సిగ్గుతో తల దించుకున్నాను.

పిన్ని కొంగుతో మొహం తుడుచుకుని, ఫోన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంక చాలండీ, వచ్చెయ్యండి" అంది.