స్టీలు పళ్ళెం పరీక్ష

మా పాపకు చెవులు వినపడవని తేల్చింది డాక్టరు కాదు, ఎదురింటావిడ. వాళ్లకు అఫ్జల్‌గంజ్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఆ అర్హతతోనే కాబోలు, స్టిక్కరు కూడా ఊడదీయని కొత్త పళ్ళెం తెచ్చి, ఎనిమిది నెలల పాప వెనక నిలబడి గరిటెతో ఠంగుమని కొట్టింది. పాప కాలి బొటనవేలు నోట్లో పెట్టుకునే పనిలో ఉంది. తల తిప్పలేదు.

"చూసినవా? నేను చెప్పలే?" అంది, లాటరీ తగిలినంత సంబరంగా. "మీ మామది నది నడుమ ఊరాయె. గా నాలుగు కమ్మరిండ్లోల్లు వాళ్లల్ల వాళ్లే పిల్లను ఇచ్చుకునుడు, తెచ్చుకునుడు. గిట్ల కాక ఎట్లయితది?"

మా మామగారు కృష్ణ నడుమ ఒక గడ్డ మీద పుట్టారు. అక్కడికి పుట్టిలో, అంటే గుండ్రటి బుట్టపడవలో పోవాలి. ఆవిడ జన్మలో పుట్టి ఎక్కలేదు, వంశచరిత్ర మాత్రం చెప్పేస్తుంది. నేను గుడిమల్కాపూర్ పిల్లనని, ఈ ఇంటికి ఏ చుట్టమూ కానని ఆవిడకు తెలుసు. అదేమీ ఆవిడ పరిశోధనకు అడ్డం రాలేదు.

ఆవిడను అనడం దేనికి? బీఎస్సీ చదివిన నేను ఆవిడ గడప దాటగానే తలుపేసి చప్పట్లు కొట్టాను, గిన్నె మోగించాను, డబ్బాలో తాళాలు వేసి ఆడించాను. పాప నా మొహం చూసి నవ్వింది. ఫోనులో చదివిన జబ్బులన్నీ దానికి అంటగట్టి, ఆసుపత్రిలో చెవుల పరీక్షకు పేరు రాయించాను.

మూడో రోజు పాపను ఎత్తుకుని ఇంటి కింద మామగారి కొలిమి ముందు నిలబడి ఉంటే, ఆవిడ ఈసారి పెద్ద డేక్షాతో వచ్చింది. కొట్టింది. పాప కదల్లేదు. కసాయి కత్తిని సాగగొడుతున్న మామగారు ఇదేం లొల్లి అని సుత్తి ఆపి చూశారు.

పాప గిర్రున అటు తిరిగింది.

ఆయన మళ్ళీ కొట్టారు. పాప తన వేలి పనిలో పడింది. ఆపారు. మళ్ళీ తిరిగింది.

"నీ గరిటె సప్పుడు దీనికి ఒక లెక్కనా, అమ్మా?" అని మామగారు పగలబడి నవ్వారు. "కడుపుల ఉన్నప్పటి సంది సుత్తి మీదనే బతుకుతున్నది. సప్పుడు ఆగితేనే దీనికి ఫికర్. గడ్డ మీద మేము గూడ గంతే. మా బాపు సుత్తి ఆపిండంటే పుట్టి వచ్చినట్టు. అందరం ఒడ్డుకు ఉరుకుతుంటిమి."

"ఏమోనన్నా, పరీక్షయితే చేయించుండ్రి" అని ఆవిడ డేక్షా చంకన పెట్టుకుంది.

చేయించాను. ఆసుపత్రిలో పరీక్ష గది గోడలకు మెత్తలు అంటించారు, చీమ చిటుక్కుమనదు. పాప నిద్రపోతేనే పరీక్ష చేస్తారట. అడుగు పెట్టగానే గుక్కపట్టి ఏడ్చింది. నేను తాళంచెవితో కుర్చీ కాలి మీద మామగారి సుత్తి వరసలో కొడుతూ కూర్చుంటే గానీ నిద్రపోలేదు. "మేడమ్, ఇక్కడ శబ్దం చేయొద్దు" అన్నారు అక్కడివాళ్లు. రెండు చెవులూ బాగున్నాయని రాసిచ్చిందీ వాళ్లే.

ఆ కాగితం ఎదురింటావిడకు చూపించాను.

"ఇంగ్లిష్‌ల ఉన్నది. నాకేం సమజైతది?" అని, మా కొలిమిలో పదును పెట్టించుకున్న కూరగాయల కత్తి తీసుకుని వెళ్లిపోయింది.