దరువు డాక్టరు, వదినగారి గరిటె

ప్రాణమున్నది ఏది కనబడినా దాని ముందు గరిటెతో మూత మీద దరువేసి, అది ఆడుతుందో లేదో చూడనిదే ఆ పశువుల డాక్టరుకు పొద్దు గడవదు. అందరూ ఆయన్ని దరువు డాక్టరనే అంటారు. ఆ గరిటె, ఆ మూత మాత్రం ఆయన వదినగారివి. పొయ్యి మీద కూర అడుగంటుతుంటే గరిటె వీధిగదిలోని ఆయన ఆస్పత్రిలో మోగుతుంటుంది. ఆవిడకి ఒళ్లు మండదూ మరి!

ఒకావిడ కుక్కను తీసుకొచ్చింది. డాక్టరు టంగు టంగుమని మొదలుపెట్టాడు. కుక్క ఆవలించింది.

"దానికి జ్వరమండీ!"

"జ్వరం లేని కుక్కలూ ఆడవమ్మా. విన్న గొంతును తిరిగి పలికే జాతులకే దరువు ఒంటబడుతుందని కొందరు శాస్త్రజ్ఞుల అనుమానం. చిలక ఆడుతుంది, మనం ఆడతాం. ఇదేమో మొరగడంతో సరిపెట్టుకుంది."

సూది వేశాక నోటుపుస్తకంలో రాసుకున్నాడు. కుక్క: ఆడలేదు.

ఆ పుస్తకం ఒకరోజు వదినగారి కంటబడింది. చిలక: ఆడింది. మేక: మూత నాకింది. తాబేలు: ఇంకా చూడాలి. దాని కింద, వదిన: ఆడలేదు, గరిటె లాక్కుంది.

"నన్ను తాబేలు కింద రాస్తావా?"

"వచ్చిన వరసలో రాశాను వదినా. తాబేలు ముందొచ్చింది."

ఇంతవరకూ ఆవిడ ఓర్చుకునేదేమో. కానీ ఆ మహానుభావుడు ఆవిడ తండ్రినీ వదల్లేదు. పెద్దాయన ఒకప్పుడు పేరున్న దర్జీ. వణుకుడు జబ్బు వచ్చాక కూతురి దగ్గరే ఉంటున్నాడు. గదిలో ఎలాగో తిరుగుతాడు గానీ, గుమ్మం దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. మూడు నెలలుగా ఎవరూ పట్టుకోకుండా గది దాటింది లేదు. "నాకీ గది చాల్లేమ్మా" అంటుంటే ఆవిడ వినలేకపోయేది. మరిది మాత్రం రోజూ ఆ గుమ్మంలోనే చేరి, ఒకసారి గబగబా, ఒకసారి నెమ్మదిగా వాయించేవాడు. ఒకనాడు పెద్దాయన్ని పాత కుట్టుమిషను ముందు కూర్చోబెట్టి తొక్కించి, గడియారం చూస్తూ లెక్కపెట్టాడు.

"మా నాన్నేమన్నా నీ మేకా?" అని ఆవిడ విరుచుకుపడింది. గరిటె, మూత తీసుకెళ్లి బియ్యం డ్రమ్ములో పాతేసింది.

మధ్యాహ్నం మళ్లీ చప్పుడు. పళ్లు నూరుకుంటూ వెళ్లింది. మరిది చప్పట్లు కొడుతున్నాడు, అరచేతులు కందిపోయాయి. అచ్చం కుట్టుమిషను తొక్కే వేగం. ఎదురుగా తండ్రి ఎవరి చేయీ పట్టుకోకుండా గుమ్మం దాటి వస్తున్నాడు!

"నాన్నా!"

"మిషను తొక్కుతున్నట్టుందే. కాలు దానంతటదే లేస్తోంది."

"లోపలి నుంచి అడుగు పడనప్పుడు బయటి నుంచి దరువు అందిస్తే కొందరికి పడుతుంది వదినా. ఎవరి వేగం వాళ్లది. మామయ్యగారిది ఇన్నాళ్లకి దొరికింది" అన్నాడు మరిది, చప్పట్లు ఆపకుండానే.

"ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"దొరక్కపోతే మీరు ఇంకా బాధపడతారని..."

"మరి ఆ తాబేలో?"

"అది నా పిచ్చి."

ఇంతలో వీధిలోంచి ఎవరో "డాక్టరుగారూ, మేక తాడు తెంపుకుంది!" అని కేకేశారు. ఆయన పరుగెత్తాడు. చప్పట్లు ఆగాయి. వీధి గుమ్మం దాకా వచ్చేసిన పెద్దాయన కాళ్లూ ఆగిపోయాయి. ఆవిడ ఒక్క ఉరుకున డ్రమ్ము దగ్గరికి వెళ్లి గరిటె, మూత పెళ్లగించి తెచ్చింది. బియ్యం రాలుతుండగానే ఎడాపెడా వాయించేసింది.

"నెమ్మదే తల్లీ, కుట్టు ఊడిపోతుంది!" అన్నాడు తండ్రి.

ఆవిడ కళ్లు తుడుచుకుని, మిషనును తలుచుకుంటూ, పాదంతో తాళమేస్తూ, నడుము ఊపుతూ వాయించింది. పెద్దాయన గుమ్మం దాటి వీధిలోకి వచ్చాడు. మేకను పట్టుకుని తిరిగొస్తున్న మరిది అక్కడే నిలబడిపోయి చూశాడు.

సాయంత్రం ఆవిడ ఆ నోటుపుస్తకం మళ్లీ తెరిచింది. తాబేలు కింద తన వరస కొట్టేసి ఉంది. పైన, చోటు లేకపోయినా ఇరికించి రాశాడు. వదిన: ఆడింది.

చిలకకన్నా పైన.