గోదాం కూలని సీడీ

నెస్టర్ బొడ్నార్చుక్ ముప్ఫై ఒక్క ఏళ్లు డుబ్నీ ఊరి ధాన్యం గోదాం నడిపాడు. రైలు పట్టాల పక్కన ఎనభై అడుగుల ఎత్తున నిలబడ్డ చెక్క గోదాం అది, నెత్తిన తెల్లటి అక్షరాల్లో ఊరి పేరు. లారీ కాటా మీదికి రాగానే గుప్పెడు గోధుమలు తీసి, నాలుగు గింజలు కొరికి, తేమ ఎంతుందో యంత్రం కంటే ముందే చెప్పేసేవాడు. కాటా చీటీ మీద అతని అంకెలు అచ్చు వేసినట్టుండేవి. మాట తక్కువ మనిషి. మాట తక్కువ వాళ్లంతా మంచివాళ్లని అనుకోవడం మా ఊరికి ఎప్పటినుంచో ఉన్న జబ్బు.

రెండువేల ఐదు ఆగస్టులో, గోదాం సొంతదారైన ధాన్యం కంపెనీ దాన్ని పడగొట్టింది. ఊరంతా మడత కుర్చీలు తెచ్చుకుని పట్టాలకి ఇవతల కూర్చుని చూసింది. వీడియో తీసింది మాత్రం లియోనా స్ట్రిల్చుక్ ఒక్కతే, కూతురు కొనిచ్చిన చిన్న కెమెరాతో. ఆ కూతురికి బాప్టిజం నాడు జ్ఞానతండ్రిగా నిలబడింది నెస్టరే. అందుకని మా తాతలు పాత దేశం నుంచి తెచ్చుకున్న వాడుక ప్రకారం ఆమె అతన్ని ‘కుమే’ అనీ, అతను ఆమెని ‘కుమో’ అనీ పిలుచుకుంటారు. తోబుట్టువుల తర్వాత అంతటి చుట్టరికం.

నవంబరులో మా లైబ్రరీ నడిపే డార్లీన్, కంప్యూటరు ముట్టుకోవడానికే భయపడే పెద్దవాళ్లకి మంగళవారం మంగళవారం పాఠాలు పెట్టింది. వీడియోలు సీడీకి ఎక్కించడం నేర్పిస్తానంది. అరవై దాటిన ఆరుగురు చేరారు. నేర్చుకోవడానికి వాడింది లియోనా తీసిన వీడియోలే. మొత్తం తొమ్మిది. వాటిని లైబ్రరీ కంప్యూటర్లో వేసేసి, మనవరాలి ఫొటోలకి చోటు కావాలని లియోనా కెమెరా ఖాళీ చేసేసుకుంది.

మొదటి వారం అందరూ వీడియో బదులు తెర మీద కనిపించే దాని గుర్తుని (షార్ట్‌కట్‌ని) మాత్రమే సీడీలోకి లాగారు. ఇంటికెళ్లి టీవీలో పెడితే ఏముంటుంది, నా మొహం. రెండోవారం ఒకాయన సీడీని తిరగేసి పెట్టి, మిషను పాడైపోయిందని డార్లీన్ మీదే ఎగిరాడు. చెడిపోయిన సీడీలు కాఫీ కప్పుల కిందికి చేరాయి. నెస్టర్ ఒక్కడే ప్రతి మెట్టూ పెన్సిలుతో కాగితం మీద రాసుకున్నాడు. ఒకసారి ఎక్కిందంటే చెరిపేది లేదు, కలిపేది లేదు, కాబట్టి ఎక్కించే ముందే ఒక్కో వీడియో పూర్తిగా చూసుకోండని డార్లీన్ చెప్పింది. ఆ మాట విన్నది కూడా అతనొక్కడే. దాంతో ఇంటికొకటి చొప్పున ఇరవై ఒక్క సీడీలు చేసే పని అతనికే అప్పజెప్పింది. జనవరి పదమూడున, మా చర్చి పాత పంచాంగం లెక్కన కొత్త సంవత్సరానికి ముందు రాత్రి జరిగే విందులో వాటిని పంచాలి. అవి అయిపోగానే కంప్యూటర్లోంచి వీడియోలు తీసేస్తానని కూడా చెప్పింది.

నెస్టర్ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వరసగా చూశాడు. మొదటి ఐదింటిలో యంత్రం రావడం, గోడలకి గాట్లు పెట్టడం, జనం శాండ్‌విచ్‌లు తినడం. కూలడమంతా ఆరోదాంట్లో ఉంది. గోదాం ముందు కొంచెం ఒరిగింది, మనసు మార్చుకున్నట్టు ఆగింది, ఆ తర్వాత ఊరి పేరుతో సహా ముందుకి పడింది. జనం ఒక్కసారి ఓ అన్నారు. ఆ హోరులో, కెమెరాకి ఆనుకుని, లియోనా గొంతు తనలో తను అనుకుంటున్నట్టు వినిపించింది.

“వీడికి నవంబరులోనే తెలుసు. మా బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు. ఒక్క మాట చెప్పలేదు.”

వీడంటే నెస్టరే. ఆ మాట నిజం కూడా. అంతకు ముందటి ఏడాది నవంబరులో కంపెనీ అతనికి ఉత్తరం రాసింది. గోదాం మూసేస్తున్నాం, మేం చెప్పేదాకా గుట్టుగా ఉంచు, పెద్ద రోడ్డు మీద కట్టిన కొత్త గోదాంలో నీకు చోటు చూస్తాం అని. నెస్టర్ గుట్టుగానే ఉంచాడు. జూలైలో ఊరికి తెలిసేసరికి రైతులంతా కలిసి దాన్ని కొనుక్కునే గడువు దాటిపోయింది. గోదాం పక్కనే ఉంది కదా అన్న ధీమాతో ఆ వసంతంలో లియోనా మొగుడు స్టీవ్ ఇంకో మూడు వందల ఎకరాలు కౌలుకి తీసుకున్నాడు. ధాన్యం అరవై మైళ్లు మోయాల్సి వచ్చేసరికి చేతులెత్తేశాడు. ఇప్పుడు ఉత్తరాన ఎక్కడో కంకర లారీ తోలుతున్నాడు. నెస్టర్‌కి కొత్త గోదాంలో చోటు దొరకలేదని వేరే చెప్పక్కర్లేదు. ఆ ఉత్తరం సంగతి లియోనా చెవిన ఎలా పడిందో గానీ, ఊళ్లో మిగతావాళ్లకి తెలియదు.

ఊళ్లో ఇంటింటా టీవీ చుట్టూ చేరి ఆ మాట వింటారని తలుచుకుని నెస్టర్ హెడ్‌ఫోన్లు తీసేశాడు. మాట ఒక్కటీ కోసెయ్యడం అతనికి రాదు, డార్లీన్ అది నేర్పలేదు. ఒక వీడియోని మొత్తంగా వదిలెయ్యడం మాత్రం వచ్చు. వదిలేశాడు. ఇరవై ఒక్క సీడీలకీ ఎనిమిదేసి వీడియోలే ఎక్కించాడు. చివరికి ఆరోదాన్ని విడిగా ఒక సీడీకి ఎక్కించి, ఇంటికి తెచ్చి మేజోళ్ల సొరుగులో దాచాడు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. అది అతని గోదాం.

విందు నాడు హాల్లో పెద్ద టీవీ పెట్టి సీడీ వేశారు. గోదాం నిలబడే ఉంది, ఇంకా నిలబడే ఉంది, ఉన్నట్టుండి దుమ్ముకుప్ప అయిపోయింది. హాలంతా నవ్వింది. అసలు ఘడియకి కెమెరా శాండ్‌విచ్ మీద పెట్టావా అని లియోనాని ఆటపట్టించారు. తీశానని ఆమె అంది. చూపిద్దామంటే కంప్యూటర్లోంచి డార్లీన్ అప్పటికే వీడియోలు తీసేసింది. రెండోసారి అంది. మూడోసారి అనబోయి ఊరుకుంది. నెస్టర్ తన పళ్లెంలో అన్నం కూరిన క్యాబేజీ ఆకు చుట్టల్ని చూస్తూ కూర్చున్నాడు. ఆ వేళాకోళం పోస్టాఫీసులో, చర్చి మెట్ల మీద ఇంకో నెల నడిచింది. లియోనా తల్లికి అరవై రెండో ఏట మతిమరుపు మొదలైంది, ఆఖరికి కన్నకూతుళ్లనే ఎవరమ్మా మీరు అని అడిగి పోయింది. లియోనాకి అప్పటికి అరవై ఒకటి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, అయినా నవ్వారు. మా ఊరి మీద నాకున్న కోపాల్లో ఇదొకటి.

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం లియోనా నెస్టర్ ఇంటికొచ్చింది. బూట్లు విప్పి, వంటగదిలో కోటుతోనే కూర్చుంది.

“కుమే, ఒకటి అడుగుతా, దాచకుండా చెప్పు. ఆ కంప్యూటర్లో గోదాం పడటం ఉండిందా, లేదా?”

నెస్టర్ టీ నీళ్లు పెట్టే వంకతో అటు తిరిగాడు.

“నేను తీసినట్టే గుర్తు నాకు. చెయ్యి కదలకుండా ఊపిరి బిగబట్టా, అది కూడా గుర్తే. మొన్న మతిమరుపు పరీక్ష అని డాక్టరు గడియారం బొమ్మ గియ్యమన్నాడు. అంకెలన్నీ వేశా. ముళ్లు పెట్టేటప్పటికి చెయ్యి ఆగిపోయింది. భయమో, ఇంకోటో తెలీలా. అమ్మకీ ఇట్టాగే మొదలైంది. ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరకి పోదాం, నాకు తెలివి ఉండగానే పోదాం అంటున్నాడు స్టీవ్. తియ్యకపోతే తియ్యలేదని చెప్పు, నేను తట్టుకుంటా.”

తీశావు గానీ ఫైలు పాడైపోయిందన్న అబద్ధం నెస్టర్ నోటిదాకా వచ్చేసింది. దాంతో ఆమె భయమూ తీరేది, ఇతని పరువూ నిలిచేది.

“ఫైలు పాడైపోయి ఉండొచ్చు, కుమో,” అన్నాడు.

“ఉండొచ్చా? నువ్వు చూశావా, పాడైందని?”

ఆమె అతని మొహంలోకి చూస్తోంది. ఆ ‘ఉండొచ్చు’తో ఆమెకి ఆ రాత్రి కూడా నిద్ర పట్టదని అతనికి అర్థమైంది. లోపలికి వెళ్లి, సొరుగులోంచి సీడీ తెచ్చి టీవీ కింద ప్లేయర్లో పెట్టాడు.

గోదాం ఒరిగింది, ఆగింది, పడింది. లియోనా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఉంది, ఉంది అంటూ ఏడ్చింది. ఆ ఏడుపు మీదే ఆమె గొంతు టీవీలోంచి వచ్చింది. నెస్టర్ సౌండు తగ్గించలేదు. తెర నీలంగా మారిపోయాక లియోనా అతని వైపు తిరిగింది.

“అది నేను పైకే అన్నానా?”

“అన్నావు.”

“మనసులో అనుకున్నాననే అనుకున్నా.” కళ్లు తుడుచుకుంది. “దీనికోసమా? ఈ ఒక్క మాట కోసమా నన్ను పిచ్చిదాన్ని చేశావు?”

నెస్టర్ తలూపాడు. 

“ఉత్తరం సంగతి నేను ఒక్కళ్లకి చెప్పలా, తెలుసా? స్టీవ్ చెప్తానంటే నోరు మూయించా. మన పిల్లని చేతుల్లో పట్టుకున్నవాడు, వదిలెయ్ అన్నా.” లేచి బూట్లు తొడుక్కుంది. తలుపు దగ్గర ఆగింది. “ఇప్పుడూ చెప్పను, నెస్టర్. ఈసారి నువ్వే చెప్పు.”

మర్నాడు పొద్దున కాఫీ హోటల్లో మేం మగవాళ్లం కూర్చునే పొడుగు బల్ల దగ్గరికి నెస్టర్ ఎప్పటిలాగే వెళ్లాడు. ఎవరో లియోనా శాండ్‌విచ్ మాట ఎత్తారు. నెస్టర్ సీడీని బల్ల మధ్యలో పెట్టాడు.

“లియోనా తీసింది. మీరు చూడకూడదని నేనే ఎక్కించలేదు. గోదాం మూసేస్తారని నాకు ముందటి నవంబరులోనే ఉత్తరం వచ్చింది. మీకు చెప్పలేదు. రెండూ నేను చేసినవే.”

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ బల్ల దగ్గర అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఎవరూ కేకలెయ్యలేదు, తిట్టలేదు. ఒకాయన సీడీ తీసి కోటు జేబులో వేసుకున్నాడు. మా బల్ల దగ్గర ఒక అలవాటుంది. కాఫీ జగ్గు కోసం ముందు లేచినవాడు అందరి కప్పులూ నింపాలి. ఆ రోజు లేచినవాడు బల్ల చుట్టూ తిరిగి అందరికీ పోశాడు, నెస్టర్ కప్పు దాటిపోయాడు.

లియోనా ఇల్లు అమ్మలేదు. నెస్టర్ ఇప్పటికీ రోజూ ఆ బల్ల దగ్గరికి వెళతాడు, తన కాఫీ తనే పోసుకుంటాడు.